విప్పి పోస్తే సైకిలేనా? పిల్లలకు ‘వ్యవస్థ’ను చేతులతో చెప్పడంలోని చిక్కులు

గత శనివారం విజయనగరంలో మా చెల్లి ఇంటికి వెళ్లేసరికి హాలు నిండా థర్మాకోల్ ముక్కలు. ఐదో తరగతి చదివే మేనల్లుడికి ‘జీర్ణవ్యవస్థ’ ప్రాజెక్టు ఇచ్చారట. అట్ట మీద నోరు, అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు వరసగా అతికించి, రంగులేసి, గుండ్రటి అక్షరాలతో పేర్లు రాశాడు. పని ముచ్చటగా ఉంది. “చిన్నపేగు లేకపోతే ఏమవుతుందిరా?” అని అడిగాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, “ఒక మార్కు తగ్గుద్ది మావయ్యా” అన్నాడు.

నవ్వుకున్నాం గానీ, వాడన్నదాంట్లో తప్పేం లేదు. వాడికి అప్పజెప్పిన పని భాగాలను గుర్తుపట్టి అతికించడం. అది చేశాడు. తిన్న ఇడ్లీ ఒకచోట ఆగిపోతే మిగతా ఒంటికి ఏమవుతుందన్న ప్రశ్న ఆ అట్ట మీద ఎక్కడా లేదు. చేతులతో చేయించారు నిజమే. చేయించింది మాత్రం ఒక పట్టిక, థర్మాకోల్ రూపంలో.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో టీచర్లను, తల్లిదండ్రులను కదిపితే ఈ మధ్య ఇదే చర్చ. 2020 జాతీయ విద్యా విధానం బట్టీ తగ్గించి అనుభవంతో నేర్పమంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా బడికి వచ్చి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి వాళ్ల దగ్గర పని చూసి నేర్చుకోవాలంది. నో బ్యాగ్ డే, యాక్టివిటీ, ప్రాజెక్టు అన్న మాటలు ప్రైమరీ తరగతుల దాకా వచ్చేశాయి. అమెరికాలో 2013లో వచ్చిన సైన్సు ప్రమాణాలైతే అన్ని పాఠాల్లోనూ కనిపించాల్సిన ఏడు భావనలను పేర్కొని, అందులో వ్యవస్థలు, వాటి నమూనాలు ఒకటన్నాయి. మరి ఆ భావన ఏమిటి? ఎనిమిదేళ్ల పిల్లకు దాన్ని ఏ ఆటతో చెప్పవచ్చు? ఏ ఆట చెబుతున్నట్టే ఉండి చెప్పకుండా పోతుంది?

తెలుగులో ఒకే భావనకు నాలుగు పేర్లు

ముందు మాట దగ్గరే ఒక తిరకాసు ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లవాడికి అన్నిచోట్లా ‘సిస్టమ్’ ఒక్కటే. తెలుగులో చదివేవాడికి సూర్యుడూ గ్రహాలూ కలిస్తే సౌర కుటుంబం. నరాలన్నీ కలిస్తే నాడీ మండలం. తిండి అరిగే ఏర్పాటు జీర్ణవ్యవస్థ. కిలోలు, మీటర్లు అయితే మెట్రిక్ పద్ధతి. కుటుంబం, మండలం, వ్యవస్థ, పద్ధతి అనే నాలుగింటినీ కలిపే ఆలోచన ఒకటుందని ఆ పిల్లవాడికి చెప్పేవాళ్లు అరుదు. పైగా ఇంట్లో ‘సిస్టమ్’ అంటే కంప్యూటర్. “అన్నయ్య సిస్టమ్ ముందు కూర్చున్నాడు” అంటాం. పెద్దవాళ్ల మాటల్లో “సిస్టమే అంత” అంటే ఇక మనం చేసేదేం లేదని నిట్టూర్పు.

ఇదొక ఇబ్బందే అయినా ఇందులో ఒక లాభమూ ఉంది. ‘సౌర కుటుంబం’ అని పెట్టినవారెవరో గానీ మంచి పని చేశారు. కుటుంబం అంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. అమ్మకు జ్వరమొస్తే ఆ రోజు ఇంట్లో ఏమేం మారతాయో మూడో తరగతి పిల్లలను అడిగి చూడండి. టిఫిన్ ఆలస్యం, జడ సరిగ్గా కుదరకపోవడం, నాన్న చిరాకు, నాయనమ్మ గొణుగుడు, బడికి లేటు అని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. జ్వరం వచ్చింది ఒకరికి, మారింది ఇంటిల్లిపాదికీ. పేరు తెలియకపోయినా సంగతి వాళ్లకు తెలుసు.

పుస్తకాల నిర్వచనం కూడా ఇంచుమించు ఇదే. కొన్ని భాగాలుంటాయి. వాటి మధ్య సంబంధాలుంటాయి. అవన్నీ కలిసి ఒక పని చేస్తాయి, లేదా ఒక తీరుగా నడుచుకుంటాయి. ఈ ఆలోచనను జీవశాస్త్రం నుంచి తీసి అన్ని శాస్త్రాలకూ వర్తింపజేయాలని వాదించినవాడు ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ. 1950ల్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ అనే ఇంజనీరు దాన్ని ఫ్యాక్టరీలకు, తర్వాత నగరాలకు లెక్కలతో అన్వయించాడు. పెద్దల చరిత్ర ఇక్కడికి చాలు.

కుప్పకూ వ్యవస్థకూ తేడా

మొదటి మెట్టుకు పాత సైకిల్ కంటే మంచి వస్తువు నాకు తోచలేదు. దాన్ని విప్పి చైను, పెడల్, ఫ్రీవీల్, బ్రేకు కట్టెలు, బెల్లు, సీటు, స్టాండు అన్నీ గోనెపట్టా మీద పోయాలి. ఒక్క సామానూ తగ్గలేదు. మరి ఇది సైకిలేనా? పిల్లలు ముక్తకంఠంతో కాదంటారు. ఎందుకు కాదో చెప్పమంటేనే తడబడతారు. సామానంతా ఉంది, లేనిది ఏమిటి? ఎవరో ఒకరు “బిగించలేదు కదా సార్” అంటారు. పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. బిగింపు అంటే సంబంధం.

పక్కనే శనగలు, చింతపిక్కలు కుప్పగా పోసి పెట్టండి. అందులోంచి నాలుగు గింజలు తీసేస్తే మిగిలింది కూడా కుప్పే, కాస్త చిన్నది, అంతే. సైకిల్లోంచి చైను ఒక్కటి తీస్తే మాత్రం చిన్న సైకిల్ మిగలదు. కదలని సైకిల్ మిగులుతుంది. తీసేసి చూడటమే కుప్పకూ వ్యవస్థకూ తేడా పట్టించే పరీక్ష.

ఇక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. బెల్లు తీసేస్తే సైకిల్ పరుగెడుతుంది. అయితే బెల్లు వ్యవస్థలో భాగం కాదా? సందులో తొక్కేవాడికి బెల్లు కావాలి, పొలం గట్టు మీద తొక్కేవాడికి అక్కర్లేదు. అంటే ఏది ముఖ్యమైన భాగమో, దానితో ఏం పని చేయించుకుంటున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ వాదన పిల్లల మధ్య వచ్చినప్పుడు టీచరు వెంటనే తీర్పు చెప్పేయకపోతే క్లాసు రక్తి కడుతుంది.

విడిగా లేనిది, కలిస్తే వచ్చేది

రెండో మెట్టుకు రబ్బరు బ్యాండు, మూత లేని రేకు డబ్బా చాలు. రబ్బరును రెండు వేళ్ల మధ్య సాగదీసి మీటితే వచ్చీరాని చప్పుడు. ఉత్త డబ్బా దానంతటది పలకదు. డబ్బా మూతి మీదుగా రబ్బరును సాగదీసి తొడిగి మీటండి. క్లాసు చివరి దాకా వినిపిస్తుంది. మరి ఆ మోత ఎక్కడుంది, రబ్బరులోనా, డబ్బాలోనా?

ఈ ప్రాంతంలో ఈ పాఠానికి బొబ్బిలి వీణ ఉండనే ఉంది. పనస దుంగను తొలిచి చేసే వీణ అది. నాలుగు తంత్రులు, తాళానికి మూడు, ఇరవై నాలుగు మెట్లు. చెక్కను కోసి చూసినా, తీగను తూచి చూసినా రాగం దొరకదు. భాగాల్లో దేనిలోనూ లేని గుణం అవి ఒక కుదురుగా కలిసినప్పుడు పుట్టుకొస్తుంది. వ్యవస్థకు ఇది రెండో లక్షణం. దీనికి సాంకేతిక నామం పిల్లలకు అక్కర్లేదు, డబ్బా చప్పుడు గుర్తుంటే చాలు.

దారం ఆట మెచ్చదగిందే, కానీ

వ్యవస్థ అనగానే చాలామంది టీచర్లు పట్టుకునే ఆట ఒకటుంది. పిల్లలంతా గుండ్రంగా నిలబడతారు. ఒకరు చెరువు, ఒకరు వరి, ఒకరు కప్ప, ఒకరు దోమ, ఒకరు కొంగ, ఒకరు గేదె, ఒకరు బావి, ఒకరు రైతు. సంబంధం చెప్పగలిగినవాళ్లు పురికొస ఉండను అవతలివాళ్లకు విసరాలి. “కప్ప దోమను తింటుంది” అంటూ ఒకరు, “గేదె చెరువులో దొర్లుతుంది” అంటూ ఇంకొకరు. కాసేపటికి మధ్యలో వల అల్లుకుపోతుంది. అప్పుడు చెరువుగా ఉన్న పిల్ల తన కొస లాగితే అందరి చేతులూ కదులుతాయి. పిల్లలకు ఒళ్లు జలదరించే క్షణమది. నేనూ చూశాను, నాకూ బాగా నచ్చింది.

కానీ ఈ ఆట ఒక నిజం చెబుతూ మూడు అబద్ధాలు కూడా చెబుతుంది. చెరువు లాగినా, కొంగ లాగినా కుదుపు ఒకేలా ఉంటుంది. నిజంలో చెరువు ఎండితే ఊరు ఊరంతా విలవిల్లాడుతుంది, ఒక కొంగ ఎగిరిపోతే ఎవరూ గమనించరు. పురికొసకు దిక్కు లేదు. కప్ప దోమను తింటే కప్పకు ఒకటి, దోమకు మరొకటి జరుగుతుంది. పురికొస మాత్రం రెండు వైపులా ఒకటే. ఇక మూడోది, కుదుపు అప్పటికప్పుడే అందరికీ చేరుతుంది. నిజంలో చెరువు నీరు తగ్గాక పక్క బావిలో నీటిమట్టం దిగడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

ఫలితంగా పిల్లలు ఇంటికి పట్టుకెళ్లే మాట “అన్నిటికీ అన్నిటితో సంబంధం ఉంది” అన్నదొక్కటే. వినడానికి బాగుంటుంది గానీ ఆ మాటతో ఏ ప్రశ్నకూ జవాబు రాదు. కొందరు టీచర్లు దీన్ని తేలిగ్గా సరిదిద్దారు. పురికొసకు బదులు బాణం గుర్తు గీసిన అట్టముక్కలు వాడతారు. పెరిగితే పెరిగేదానికి ఎర్ర బాణం, పెరిగితే తగ్గేదానికి నీలం. కప్పలు పెరిగితే దోమలు తగ్గుతాయి కాబట్టి అక్కడ నీలం. వల కన్నా చూడ్డానికి తక్కువ అందంగా ఉంటుంది, వాదన మాత్రం ఎక్కువ జరుగుతుంది.

బకెట్టు చెప్పే లెక్క: నిల్వ, రాక, పోక

వ్యవస్థల్లో పెద్దవాళ్లు కూడా బోల్తా పడే చోటు ఒకటుంది. దాన్ని చెప్పడానికి బడి ఆవరణలో ఒక బకెట్టు, రెండు గ్లాసులు చాలు. బకెట్టే చెరువు. గెడ్డ, అంటే వాగు, నుంచి వచ్చే నీరు ‘రాక’. మదుం (తూము) తెరిస్తే పొలాలకు పోయే నీరు ‘పోక’. బకెట్టులో ఉన్నది ‘నిల్వ’. పక్క బాల్చీలోంచి నీళ్లు పోసే పిల్ల వాన, తోడేసే పిల్లవాడు మదుం. మూడో వాళ్లు ప్రతి విడతా బోర్డు మీద అంకె రాస్తారు.

మొదట బకెట్టులో 10 గ్లాసులు. విడతకు 5 గ్లాసులు వస్తాయి, 3 పోతాయి. బోర్డు మీద వరసగా 12, 14, 16, 18 పడతాయి. ఇప్పుడు ఆట ఆపి, “వాన తగ్గింది, ఇక నుంచి విడతకు 4 గ్లాసులే. చెరువులో నీరు పెరుగుతుందా, తగ్గుతుందా?” అని అడగాలి. చేతులెత్తిస్తే ఎక్కువ మంది తగ్గుతుందంటారు. వాన తగ్గింది కదా మరి! పోసి చూస్తే 19, 20. వాన తగ్గినా చెరువు పెరిగింది. 3 వచ్చి 3 పోతే 20 దగ్గరే ఆగుతుంది. రాక 1కి పడిపోయి పోక 3గా ఉంటేనే 18కి దిగుతుంది.

ఇది చిన్నపిల్లలకే వచ్చే పొరపాటని అనుకోకండి. ఎంఐటీ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు నీళ్ల తొట్టె మీద ఇలాంటి ప్రశ్నలే ఇస్తే చాలామంది తప్పారని 2000 సంవత్సరంలో అక్కడి పరిశోధకులు రాశారు. రాక గీత ఎలా ఉంటే నిల్వ గీత కూడా అలాగే ఉంటుందని మనసు లాగుతుంది. అప్పు విషయంలోనూ మనం చేసే పొరపాటు ఇదే. “ఈ నెల తక్కువే వాడాం” అని సంబరపడతాం. తీర్చినదానికంటే వాడింది ఎక్కువైతే అప్పు పెరుగుతూనే ఉంటుంది.

బకెట్టు ఆటలో చేతులు తడవడం ముఖ్యం కాదు. పోసే ముందు ఊహ చెప్పించడం, పోశాక అది తప్పిందని వాళ్లే చూడటం ముఖ్యం. ఊహ అడక్కుండా పోయిస్తే అది నీళ్లాటే అవుతుంది. పిల్లలు సంతోషిస్తారు, షర్టులు తడుస్తాయి, ఇంట్లో చీవాట్లు పడతాయి.

తిరిగొచ్చే కబురు: బడి వంటగదిలో

ఇప్పటిదాకా చెప్పినవి ఒక వైపే పోతున్నాయి. వ్యవస్థకు ప్రాణం లాంటిది ఇంకొకటి ఉంది. జరిగిన పని తాలూకు కబురు వెనక్కి తిరిగొచ్చి, తర్వాతి పనిని మార్చడం. దీనికి దూరం పోనక్కర్లేదు, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు చాలు.

ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం లెక్క. బడిలో 42 మంది ఉంటే 4 కిలోల 200 గ్రాములు. కానీ పొద్దున్నే హాజరు వేసి చూస్తే 31 మందే వచ్చారు. ఆ అంకె వంటావిడకు చేరితే 3 కిలోల 100 గ్రాములే కొలుస్తుంది. చేరకపోతే 1 కిలో 100 గ్రాముల బియ్యం ఎక్కువ ఉడుకుతుంది. చిత్రమేమిటంటే ఇక్కడ బియ్యం, గ్యాసు, గిన్నెలు ఏవీ మారలేదు. ఒక చీటీ మీద అంకె చేరిందా లేదా అన్నదే తేడా. వ్యవస్థలో కబురు కూడా ఒక భాగమేనని పిల్లలకు ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఆ తర్వాత పిల్లలనే కాగితం మీద బాణాలు గీయమనవచ్చు. హాజరు నుంచి కొలతకు, కొలత నుంచి అన్నానికి, అన్నం నుంచి కంచంలో మిగిలినదానికి. అక్కడి నుంచి? “ఎక్కువ మిగిలితే రేపు తక్కువ వండుతుంది” అని ఎవరైనా అంటే బాణం మళ్లీ కొలత దగ్గరకు తిరుగుతుంది, చుట్టు పూర్తవుతుంది. ఇలా ఎక్కువైతే తగ్గించి, తక్కువైతే పెంచి ఒకచోట నిలబెట్టేదాన్ని ‘సర్దే చుట్టు’ అందాం. మన ఒంటికి చెమట పట్టడం, చెరువు నిండితే అలుగు పారడం ఈ రకమే.

రెండో రకం ‘పెంచే చుట్టు’. దీనికి సామాను అసలు అక్కర్లేదు. టీచరు ఐదు నిమిషాలు బయటికి వెళితే చాలు. పక్కవాడికి వినపడాలని ఒకడు కాస్త గట్టిగా మాట్లాడతాడు. ఆ చప్పుడులో తన మాట వినపడక ఇంకొకడు ఇంకా గట్టిగా. చివరికి పక్క క్లాసు టీచరు వచ్చి బల్ల మీద కర్రతో కొట్టేదాకా పెరుగుతూనే ఉంటుంది. “ఇందులో మొదట అరిచిందెవరు?” అంటే ఎవరూ కాదు. ఒక్కొక్కరూ కొంచెమే పెంచారు. తప్పు ఎవరిదో వెతకడం కంటే చుట్టు ఎలా తిరిగిందో వెతకడం వేరే పని అని పిల్లలు ఇక్కడే మొదటిసారి గమనిస్తారు. ఈ ఉదాహరణ విన్న ఒక హెడ్మాస్టరు గారు, “అల్లరికి సాకు నేర్పుతున్నారన్నమాట” అన్నారు. ఆయన భయం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. చుట్టు తెలిసినంత మాత్రాన ఎవరి వంతు బాధ్యత వాళ్లకు పోదు. కానీ ఆ సంగతి విడిగా చెప్పాలి, ఆట దానంతటది చెప్పదు.

చింతపిక్కలతో కొబ్బరికాయల బేరం

ఐదో తరగతికి ఇక అసలైన చిక్కుముడి చూపించవచ్చు. ఎంఐటీలో ఫారెస్టర్ బృందం పెద్దలతో ఆడించిన సరుకుల ఆట ఒకటుంది. దాన్ని శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటల సీమ ఉద్దానం కొబ్బరికి మార్చి, చింతపిక్కలను కాయలుగా పెట్టుకుంటే సరి. నలుగురు పిల్లలు వరసగా కూర్చుంటారు. శ్రీకాకుళంలో కొట్టు, టోకు వ్యాపారి, ఉద్దానంలో కాయలు కొనే వ్యాపారి, రైతు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, చీటీలే పంపుకోవాలి. సూత్రం ఒక్కటే. ఈ రోజు ఎన్ని అడిగారో అన్ని తెప్పించు. నిన్నటికంటే ఎన్ని ఎక్కువ అడిగారో అన్ని అదనంగా తెప్పించు. తక్కువ అడిగితే ఆ మేరకు తగ్గించు. ఇది తెలివైన కొట్టువాళ్లు చేసే పనే, ఇందులో మోసం లేదు.

రోజూ 4 కాయలు అమ్ముడవుతున్నాయి. ఒక రోజు, కార్తీకమాసమనుకోండి, 8 అడిగారు. కొట్టు పిల్లవాడు 8కి, పెరిగిన 4 కలిపి 12 రాసి పంపాడు. టోకు వ్యాపారికి నిన్న 4, ఇవాళ 12. పెరిగింది 8. అతను 20 రాశాడు. ఉద్దానం వ్యాపారికి నిన్న 4, ఇవాళ 20. పెరిగింది 16. అతను రైతును 36 అడిగాడు. జనం అడిగింది 8, చెట్టు దగ్గరికి చేరింది 36.

మర్నాడు కూడా జనం 8 అడిగారు. కొట్టుకు నిన్నా 8, ఇవాళా 8 కాబట్టి 8 రాశాడు. టోకుకు నిన్న 12, ఇవాళ 8. నాలుగు తగ్గింది కాబట్టి 4 రాశాడు. ఉద్దానం వ్యాపారికి నిన్న 20, ఇవాళ 4. పదహారు తగ్గింది, నాలుగులోంచి పదహారు తీయలేక సున్నా రాశాడు. రైతుగా కూర్చున్న పిల్ల ముందు నిన్న 36 చీటీ, ఇవాళ ఖాళీ చీటీ. ఆ పిల్ల ముఖం చూడాలి. తన పక్కవాణ్ని తిట్టబోతుంది. పక్కవాడు తనకొచ్చిన చీటీలు చూపిస్తాడు. అలా వెనక్కి వెళ్తే అందరూ లెక్క ప్రకారమే చేశారు.

ఈ ఆటకు ఒక లోపముంది. నిజం బేరంలో ఫోన్లున్నాయి, మాట్లాడుకుంటారు, నిల్వలుంటాయి. ఇక వ్యవస్థల్లో ఉండే ఆలస్యం అన్న సంగతి ఉద్దానం పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. కొత్త మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. నిల్వ పోవడానికి పూట చాలు, తిరిగి నిండటానికి ఏళ్లు కావాలి. బకెట్టు ఆటలో రాక, పోక ఒకే గ్లాసుతో ఆడాం. ఇక్కడ రాక ఉగ్గుగిన్నెతో, పోక బిందెతో.

గీత ఎక్కడ గీయాలి

సైకిల్ దగ్గర పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న, తొక్కేవాడు సైకిల్లో భాగమా కాదా? నేల మీద సుద్దముక్కతో గుండ్రం గీసి, ఏది లోపల, ఏది బయట అని వాదించుకోనివ్వాలి. ఆ గీత ప్రకృతిలో లేదు, మనం అడిగే ప్రశ్నను బట్టి మనం గీసుకునేది.

శ్రీకాకుళం పట్టణంలో నాగావళి ఒడ్డున ఉండేవాళ్లకు ఇది అనుభవమే. నెత్తిన ఎండ కాస్తుంటుంది, చినుకు ఉండదు, నది మాత్రం ఎర్రగా పొంగి వస్తుంది. మన జిల్లా మ్యాపు చుట్టూ గీత గీసి చూస్తే కారణం కనిపించదు. నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా, తోటపల్లి దాటి మన దగ్గరికి వస్తుంది. అక్కడ కురిసిన వాన ఇక్కడికి చేరడానికి సమయం పడుతుంది. గీత జరిపితేనే కారణం లోపలికి వస్తుంది. వంశధారదీ అదే కథ.

టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల మీద ఇంకో సరదా ఉంది. చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను, రంగురంగుల కొంగలను ఊళ్లో అందరూ సైబీరియా పక్షులనే అంటారు. నిజానికి ఆ రెండూ దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే పెరిగే పక్షులు. అయితే అవి గూడు కట్టేది ఈ ఊళ్లో, తిండికి వాలేది నౌపడ చిత్తడి నేలల్లో, చుట్టుపక్కల చెరువుల్లో. పిల్లలు ఊరి చింతచెట్ల చుట్టూ మాత్రమే గీత గీస్తే పక్షులకు తిండి ఎక్కడిదో తేలదు. సైబీరియా దాకా గీస్తే అక్కర్లేనిదంతా లోపలికొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఫలానాదే కారణమని తేలలేదు. నీరు, ఎండలో పని, మందులు, ఇంకా చాలా అంశాల మీద చర్చ నడుస్తోంది. పెద్దల స్థాయిలో వ్యవస్థగా ఆలోచించాల్సిన సమస్యకు ఇది మంచి ఉదాహరణే. కానీ క్లాసులో ఎవరి తాతకో, నాన్నకో డయాలసిస్ నడుస్తూ ఉండవచ్చు. దీన్ని పురికొస ఆటలోకి తేవడం నాకు సమ్మతం కాదు.

చిన్నపిల్లలకు ఇది అందుతుందా?

అందదనేవాళ్ల వాదన తేలికైనది కాదు. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జాఁ పియాజే ప్రకారం ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు కంటికి కనిపించే, చేతికి తగిలే వస్తువుల మీదే తర్కం నడుపుతారు. కనిపించని చుట్లు, ఆలస్యాలు వాళ్లకు బరువే. దీనికి తోడు 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు, తక్కువ మార్గదర్శనంతో పిల్లలను వాళ్లంతట వాళ్లే కనిపెట్టమనడం కొత్తగా నేర్చుకునేవారికి పనికిరాదని గట్టిగా వాదించారు. ఒక పని చేస్తుండగా మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకానికి పరిమితి ఉంటుంది. నీళ్లు పోయడం, లెక్క రాయడం, పక్కవాడితో పోట్లాట, వీటితోనే అది నిండిపోతే ఆలోచనకు చోటు మిగలదని వాళ్ల మాట.

అవతలివైపు వాళ్లూ ఊరికే మాట్లాడటం లేదు. ఇజ్రాయెల్‌లో బెన్ త్స్వీ అస్సరాఫ్, ఓరియన్ అనే ఇద్దరు నాలుగో తరగతి పిల్లలకు నీటి చక్రాన్ని ప్రయోగాలతో, ఆరుబయట తిప్పి చెప్పి, 2010లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో విడి భాగాలే చెప్పిన పిల్లల్లో చాలామంది తర్వాత వాటి మధ్య సంబంధాలు చెప్పగలిగారు. చక్రంగా చూడగలిగినవాళ్లు కొందరే. అంటే అందదనేవాళ్లదీ పూర్తిగా ఓటమి కాదు.

జాగ్రత్తగా చూస్తే ఈ రెండు పక్షాల మధ్య దూరం కనిపించేంత లేదు. బకెట్టు ఆటలో ఊహ చెప్పించి, ఆపి, అడిగి, మళ్లీ పోయించడం మార్గదర్శనమే. “ఇదిగో సామాను, మీరే చేసుకోండి” అని వదిలేయడమే మొదటి పక్షం వద్దంటున్నది. నా మట్టుకు నాకు రబ్బరు, సైకిల్, వంటగది మూడో తరగతికి సరిపోతాయి. బకెట్టు నాలుగుకు. కొబ్బరి ఆట ఐదుకు, అదీ తీసివేతలు బాగా వచ్చినవాళ్లకు.

ఇక టీచర్ల అసలు ఇబ్బంది వేరు. ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే బడులు ఈ జిల్లాల కొండ పల్లెల్లో కొత్త కాదు. సిలబస్ అవ్వాలి, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి, మధ్యలో ఈ ఆటలు ఎప్పుడు? ఈ ప్రశ్నకు సిద్ధాంతం జవాబివ్వదు. అయితే అలాంటి బడిలో ఒక సౌకర్యం ఉంది. తరగతులు కలిసి కూర్చుంటాయి కాబట్టి ఐదో తరగతి పిల్ల లెక్క రాస్తుంది, రెండో తరగతి వాడు నీళ్లు పోస్తాడు.

వచ్చిందో లేదో బొమ్మలో కనిపిస్తుంది

“జీర్ణవ్యవస్థ భాగాలు రాయుము” అన్న ప్రశ్నకు మా మేనల్లుడికి పూర్తి మార్కులు వస్తాయి. వ్యవస్థ అర్థమైందో లేదో ఆ ప్రశ్నతో తెలియదు. దానికంటే పాఠానికి ముందొకటి, తర్వాతొకటి బొమ్మ గీయించడం తేలిక. “మీ ఊరి చెరువు బొమ్మ వెయ్యండి” అంటే చాలు. రెండు బొమ్మల్లో ఎన్ని వస్తువులున్నాయో కాదు, ఎన్ని బాణాలున్నాయో లెక్కపెట్టాలి. వాటిలో ఎన్ని వెనక్కి తిరిగాయో చూడాలి.

ఆ సాయంత్రం మేనల్లుడితో అదే చేయించాను. అమ్మమ్మ ఊళ్లో చెరువు వేశాడు. మొదటి బొమ్మలో నీళ్లు, గట్టు, గేదె, పైన సూర్యుడు, రెండు కొండలు. బాల్చీతో పెరట్లో నాలుగు విడతలు ఆడాక రెండో బొమ్మ. ఈసారి గెడ్డ వచ్చింది, మదుం వచ్చింది, మదుం నుంచి పొలానికి బాణం. పొలం నుంచి చెరువు వైపు ఇంకో బాణం వెనక్కి గీశాడు. “ఇదేంట్రా, పొలంలో నీళ్లు మళ్లీ చెరువుకి ఎక్కుతాయా?” అన్నాను. “నీళ్లు కాదు మావయ్యా. పొలం నిండిపోయిందని తాతయ్య వచ్చి చెప్తాడు కదా, మదుం ముయ్యాలని” అన్నాడు. బాణం పక్కన చిన్న గొడుగేసుకుని తాతయ్య కూడా ఉన్నాడు.